తప్పు చెప్పినవాళ్లకు టీ

మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్
9 నవంబరు 2024

కాంతమణి సిస్టర్‌కు,

రజిత నమస్కారాలు. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకండి. ఫోన్‌లో ఏం రాసినా సాయంత్రానికల్లా స్క్రీన్‌షాటై సూపరింటెండెంట్ హరికిషన్ గారి టేబుల్ మీద ఉంటోంది. మొన్న వార్డుల గ్రూపులో "కంపెనీ వాళ్లు ఫోనెత్తరు" అని మూడు ముక్కలు రాసినందుకే పిలిచి అరగంట నిలబెట్టి క్లాసు పీకారు. కాగితమైతే మీ చేతికి తప్ప ఎవరి చేతికీ పోదు. పైగా నాకు చాలా చెప్పాలని ఉంది, చాలా కోపంగానూ ఉంది.

మీరు రిటైరయ్యే ముందు పోట్లాడి ఇప్పించిన గది గుర్తుందిగా, ఓపీ వెనక పాత మంచాలు పడేసే గది? ఇప్పుడది నిజంగానే వర్క్‌షాప్. బీపీ మిషన్లు, సక్షన్ మిషన్లు, ఆక్సిజన్ మీటర్లు, ఈ ఏడాదిలో నూటపద్నాలుగు బాగుచేశాను. బుధవారం బుధవారం మధ్యాహ్నం క్లాసు పెడుతున్నాను. నర్సులు వస్తారు, ఆయాలు వస్తారు. నా క్లాసుకు ఒక్కటే నియమం. లోపలికి వచ్చినవాళ్లు ముందు తమ చేతిలో జరిగిన ఒక తప్పు చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లకు మెమో ఉండదు, టీ ఉంటుంది, దాంతోపాటు ఉస్మానియా బిస్కట్. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. ఇప్పుడు బిస్కట్లు చాలడం లేదు.

అసలు సంగతి పసిపిల్లల వార్డుది. సెప్టెంబరులో పసికందులను వెచ్చగా ఉంచే మూడు కొత్త వార్మర్లు వచ్చాయి. పైన హీటరు, కింద పరుపు, బిడ్డ పొట్ట మీద అతికించే చిన్న తీగ. ఆ తీగ ఒంటి వేడిని కనిపెట్టి హీటరుకు చెబుతుంది. కంపెనీవాళ్లు ఇరవై నిమిషాలు ట్రైనింగ్ ఇచ్చారు, అందులో పది నిమిషాలు ఫోటోలకే సరిపోయింది. వెనక ఒక సీలు అంటించి, అది తెంపితే వారంటీ చెల్లదన్నారు. నెల తిరక్కుండా ఒకటి హీటరు కాలిపోయి ఆగిపోయింది. కంప్లైంట్ నంబరు ఇచ్చారు, మనిషిని పంపలేదు.

సోమవారం పదకొండు గంటలకు రెండో దాని మీద నాలుగు రోజుల పాప ఉంది. తెర మీద ముప్పై అయిదున్నర సెల్సియస్ చూపిస్తోంది, చలిగా ఉందని హీటరు పూర్తిగా మండుతోంది. లచ్చమ్మ తెలుసుగా మీకు, ఆయా. చేతులు కడుక్కుని గుడ్డ మార్చడానికి వచ్చి పాప పాదం పట్టుకుందట. పట్టుకోగానే అరిచింది. "కల్పలత సిస్టరూ, జెర ఇటు రా! బిడ్డ కాళ్లు కాలుతున్నయి. మిషన్ అబద్ధం చెప్తున్నది!"

కల్పలత హీటరు ఆపి థర్మామీటరు పెడితే నూటరెండు ఫారన్‌హీట్ దాటింది. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో మీకు నేను చెప్పాలా? యంత్రం ఏం చెప్పినా పొట్టా పాదాలూ చేత్తో చూడాలని మీరు నాకు నేర్పారు, నేను లచ్చమ్మకు నేర్పాను. పాప బాగుంది. నిన్న తల్లి ఇంటికి తీసుకువెళ్లింది.

ఇక మూడింటిలో ఒకటే మిగిలింది, పిల్లలు అయిదుగురు. కంపెనీ పదిహేను పనిదినాలంది. నేను రెండోదాని సీలు తెంపాను. విప్పి, తీగ దూర్చే చోట మురికి ఉంటే శుభ్రం చేసి, నాలుగు గంటలు థర్మామీటరు పక్కన పెట్టి చూసి, వార్డుకు ఇచ్చాను. ఇప్పుడది గడియారంలా నడుస్తోంది. నాకు మాత్రం మెమో వచ్చింది. "అనుమతి లేకుండా పరికరం తెరిచినందుకు" అట! రానీ. ఇంకో వార్మర్ ఆగితే అదీ తెరుస్తాను.

మీ ఆరోగ్యం ఎలా ఉందో రాయండి.

రజిత

*

నిడదవోలు
18 నవంబరు

చిరంజీవి రజితకు,

నీ ఉత్తరం మా ఆసుపత్రి ప్రార్థనాగదిలో కూర్చుని చదివాను. లచ్చమ్మ అరిచిన చోట నాకు కళ్లు చెమర్చాయి. ముప్పై మూడేళ్లు ఆ ఆసుపత్రిలో పనిచేసి, ఆయాల మాట డాక్టరు దాకా పోవడం నేను రెండుసార్లు కూడా చూడలేదు. ఆ పాపను బతికించింది లచ్చమ్మ చెయ్యి. ఆ చేతికి ధైర్యం ఇచ్చింది నీ క్లాసు. ప్రభువు నిన్ను దీవించుగాక.

మెమో గురించి బెంగపడకు. మర్యాదగా జవాబు రాయి. నీ కోపమంతా అందులో కుమ్మరించకు, కొంచెం నాకు కూడా ఉంచు.

నేనిక్కడ వారానికి నాలుగు రోజులు కొత్త నర్సులకు పాఠాలు చెబుతున్నాను. మా దగ్గర ఉన్నవి రెండు వార్మర్లు, అవి వయసులో నా కన్నా పెద్దవి. మోకాలు నొప్పి అలాగే ఉంది.

ఒక్క మాట అడగనా? నువ్వు మర గురించి రాస్తే నాలుగు వాక్యాలు రాస్తావు, దాని పొడవూ లావూ తుప్పూ అన్నీ చెబుతావు. ఇంత ముఖ్యమైన చోట మాత్రం "మురికి ఉంటే శుభ్రం చేసి" అని ముగించేశావు. ఏం మురికి అమ్మాయ్? రెండు నెలల కొత్త యంత్రంలోకి ఎక్కడి నుంచి వచ్చింది?

నీ మేలు కోరే
కాంతమణి

*

మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్
1 డిసెంబరు

సిస్టర్‌కు,

మెమోకు మర్యాదగానే జవాబు రాశాను. ఏం లాభం? కంపెనీ నుంచి దయాకర్ అని సర్వీస్ మేనేజర్, యంత్రం తప్పు చెప్పిన ఇరవై నాలుగో రోజున దిగబడ్డాడు. యంత్రం కన్నా ముందు నా గది చూశాడు. చుట్టూ తిరిగి చూసి, "మేడమ్, గీ రూమ్ మాకిస్తే సర్వీస్ పాయింట్ షురూ చేస్తం. మీకు సుత పరేషాన్ ఉండదు" అన్నాడు. నాకు పరేషాన్ ఏమీ లేదన్నాను. "ఆయాలకు మిషన్ల క్లాసులేంది మేడమ్? అందుకే గిట్లయితుంది" అన్నాడు. ఆ ఆయానే మీ మిషన్ చంపబోయిన బిడ్డను కాపాడిందన్నాను. నవ్వేసి, వెళ్లి రిపోర్టు రాశాడు. నేను తుడిచినా లోపల చిలుము మరక మిగిలే ఉంది. శుభ్రం చేసే నీళ్లు తీగ దూర్చే చోటికి పోయి ఆ చిలుము పట్టిందట, శిక్షణ లేని సిబ్బంది తడిగుడ్డతో తుడవడమే కారణమట.

వార్మర్లు తుడిచేది ఎవరు? లచ్చమ్మ. ఆమెకు కూడా మెమో ఇచ్చారు. ఏజెన్సీ ద్వారా వచ్చిన ఉద్యోగం, ఒక్క కాగితంతో పోతుంది. నా గదికి వచ్చి బల్ల మీద మెమో పెట్టింది. "నేను గుడ్డ తడిపి ఎన్నడు తుడ్వలే బిడ్డా. పొడి గుడ్డనే అని నువ్వు చెప్పినవు గద. నువ్వే సాక్ష్యం" అంది. మనిషి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

విచారణ జనవరి ఆఖర్లో. జిల్లా నుంచి ఒక అధికారి వస్తారట. ఈలోగా హరికిషన్ గారు నన్ను పిలిచి తలుపు వేశారు. "చూడు రజితా, ఆయమ్మ తడిగుడ్డతో తుడుస్తుంటే చూసిన అని ఒక లైన్ రాసియ్యి. నీ సీల్ మెమో నేను క్లోజ్ చేస్తా. రూమ్ నీదే, క్లాసులు నీవే. లేదంటే రెండూ పోతయ్, నా చేతిల ఏం లేదు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు సిస్టర్. అందరికీ ఒకే కాగితంతో పని జరిగిపోవాలి ఆయనకు.

ఇప్పుడు మీ ప్రశ్న. పది రోజులుగా మీ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీకు దొరికిపోయానని చదివినప్పుడే తెలిసింది.

మురికి రంగు పసుపు. పైన ఎర్రగా గడ్డకట్టి ఉంది.

దసరాకు ఆయుధ పూజ చేశాం. డ్రైవర్లు అంబులెన్సుకు నిమ్మకాయలు కట్టారు, వంటవాళ్లు గ్రైండరుకు దండ వేశారు. నేను నా యంత్రాలన్నింటికీ బొట్టు పెట్టాను. కల్పలత పళ్లెం పట్టుకుంది. వార్మరు తెర గాజుది, బొట్టు నిలవలేదు. దాని కింద తీగ దూర్చే చోట గుండ్రటి ఇత్తడి అంచు ఉంది. నీళ్లతో కలిపిన పసుపులో వేలు ముంచి అక్కడే పెట్టాను, పైన కుంకుమ అద్దాను. ముద్దుగా ఉందని ఫోటో కూడా తీసుకున్నాను. ఆ తడి లోపలికి దిగింది. మూడు వారాల్లో లోహానికి చిలుము పట్టింది, వేడి తక్కువగా చదవడం మొదలైంది.

యంత్రాలు చదివిన మనిషిని. ఒక చుక్క తడి ఏం చేస్తుందో ఊరందరికీ చెప్పే మనిషిని. ప్రతి బుధవారం అందరి తప్పులూ చెప్పించుకుని టీ పోసే మనిషిని. నా తప్పు మాత్రం స్పిరిట్ దూదితో తుడిచి చెత్తబుట్టలో పడేశాను. మొదటి ఉత్తరంలో మీకూ దాచాను. ఆ పాప పాదం నాకు కలలోకి వస్తోంది.

ఏం చెయ్యమంటారు?

రజిత

*

నిడదవోలు
12 డిసెంబరు

చిరంజీవి రజితకు,

నిన్ను తిట్టను. నువ్వు తిట్టుకున్నది చాలు.

నా సలహా విను. ఆయన రాయమన్న లైను రాయకు, అది అబద్ధం. అలాగని పసుపు మాట కూడా ఎత్తకు. "కారణం తెలియదు, సీలు తీసేసరికి చిలుము ఉంది" అను. అంతే. అంతకు మించి ఒక్క మాట వద్దు. నువ్వు ఒప్పుకున్న మరుక్షణం దయాకర్ చప్పట్లు కొడతాడు. చదువుకున్న టెక్నీషియనే ఇలా చేసింది, ఇంక ఆయాల సంగతేమిటి అంటాడు. గది పోతుంది, క్లాసు పోతుంది. ఆ క్లాసు వల్ల రేపు బతకాల్సిన పిల్లలు ఎంతమందో ఆలోచించు.

లచ్చమ్మ సంగతి అంటావా, ఆమెను నేనిక్కడ మా ఆసుపత్రిలో పెట్టించుకుంటాను. మాట ఇస్తున్నాను. గది ఇంకొకటి దొరకదు, నీలాంటి మనిషీ దొరకదు. కొన్నిసార్లు పెద్ద మేలు కోసం నోరు మూసుకోవలసి వస్తుంది. నేను అనుభవం మీద చెబుతున్నాను.

క్రిస్మస్‌కు ఇక్కడ పిల్లలు పాటలు సాధన చేస్తున్నారు. నీకోసం ప్రార్థిస్తున్నాను.

కాంతమణి

*

మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్
20 డిసెంబరు

కాంతమణి సిస్టర్‌కు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి పెట్టేశాను. మూడోసారి చదివితే చింపేస్తానని భయమేసింది.

లచ్చమ్మను నిడదవోలులో పెట్టించుకుంటారా? ఆమె కూతురు అల్వాల్‌లో ఉంటుంది, ఆమె మనవరాలి బడి అక్కడే, ఆమె బతుకంతా ఇక్కడే. చెయ్యని తప్పుకు ఆమె ఊరు వదలాలి, చేసిన తప్పుకు నేను గది ఉంచుకోవాలి. ఆ గదిలో బుధవారం కూర్చుని, "రండమ్మా, మీ తప్పులు చెప్పండి" అని ఏ ముఖం పెట్టుకుని అడగను? టీ గొంతు దిగుతుందా నాకు?

ఒక్కటి చెప్పండి. మన ఆసుపత్రిలో యంత్రాలు ఎందుకు చెడిపోయి మూలపడతాయో మీకు తెలియదా? విడిభాగాలు లేక కొంత, కరెంటు వల్ల కొంత. ఎక్కువ భాగం భయం వల్ల. చేతిలో ఏదైనా విరిగితే చెప్పరు. చెబితే మెమో. మీద గుడ్డ కప్పి, మూలకు తోసి, తర్వాతి డ్యూటీవాళ్ల మీద పెట్టేస్తారు. అది బిడ్డ మీద పెట్టినట్టని ఎవరికీ తట్టదు. ఆ భయాన్ని పోగొట్టడానికే గది తెరిచాను. ఇప్పుడు ఆ గదిని కాపాడుకోవడానికి నేనే గుడ్డ కప్పాలా? అప్పుడు అది ఉన్నా ఒకటే, దయాకర్‌కు ఇచ్చినా ఒకటే.

అనుభవం మీద చెబుతున్నానన్నారు. ఏ అనుభవం? మీరు ఎప్పుడూ అలా మాట్లాడే మనిషి కాదు. చెయ్యి పెట్టి చూడమని నేర్పిన మనిషి కళ్లు మూసుకోమంటే నాకు కోపం రాదా?

వచ్చింది. దాచుకోను. క్రిస్మస్ శుభాకాంక్షలు.

రజిత

*

నిడదవోలు
9 జనవరి 2025

రజితా,

పండుగ అయిపోయింది. చర్చిలో అందరూ లేచి పాడుతుంటే నేను కూర్చుండిపోయాను. మోకాలు నొప్పి అనుకున్నారు. ఏ అనుభవం అని అడిగావు. చెబుతాను. ఇది నా భర్తకు కూడా చెప్పలేదు, ఆయన చనిపోయి ఏడేళ్లయింది.

తొంభై ఎనిమిదిలో పిల్లల వార్డు ఇంచార్జి నేను. ఆక్సిజన్ సిలిండరు మీద మీటరు ఉంటుందే, వాటిలో ఒకదానికి ముల్లు సగంలో ఇరుక్కుపోయింది. సిలిండరు ఖాళీ అయినా సగం ఉన్నట్టే చూపేది. నేను రెండు రోజుల ముందే చూశాను. పుస్తకంలో రాయాలి. రాస్తే స్టోరు కీపరు "మీ చేతిలోనే విరిగింది" అని నలుగురిలో అరుస్తాడు, జవాబుదారీ నాది అవుతుంది. రేపు చూద్దాంలే అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆ సిలిండరే ఒక మూడేళ్ల బాబుకు పెట్టారు. ముల్లు సగంలో ఉంది. లోపల ఏమీ లేదు. బాబు దక్కలేదు.

విచారణ జరిగింది. ఖాళీ సిలిండరు మార్చకపోవడం ఆయా తప్పని తేల్చారు. ఆయా పేరు వీరరాఘవమ్మ. నన్ను సంతకం పెట్టమన్నారు. ముల్లు సంగతి అడిగినవాళ్లు లేరు, నేను చెప్పనూ లేదు. వార్డుకు నా అవసరం ఉందని, నేను పోతే ఇంకా ఎంతమంది పిల్లలకు నష్టమో అని నాకు నేను చెప్పుకున్నాను. నీకు రాసిన మాటలే, అక్షరం పొల్లుపోకుండా. సంతకం పెట్టాను. వీరరాఘవమ్మ ఆ సాయంత్రం టిఫిన్ డబ్బా తీసుకుని గేటు దాటి వెళ్లడం మేడ మీద నుంచి చూశాను. నన్ను చూసి చెయ్యెత్తి దండం పెట్టింది. నేనే తనకు సాయం మాట్లాడి ఉంటానని అనుకుంది పాపం.

పొట్టా పాదాలూ ముట్టి చూడమని ప్రతి నర్సుకూ నేను చెప్పడం ఆ తర్వాతే మొదలైంది. మంచి పాఠమే, కానీ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. నీ గది కోసం పోట్లాడిందీ అందుకే.

నువ్వు నన్ను ఎత్తున కూర్చోబెట్టావు. నేను దిగుతున్నాను. నా మొదటి సలహా పారెయ్యి. నిజం చెప్పు. గది పోతే పోనీ.

కాంతమణి

*

మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్
2 ఫిబ్రవరి

కాంతమణి సిస్టర్‌కు,

విచారణ అయిపోయింది. మొదటి నుంచి చెబుతాను.

మీటింగ్ హాల్లో బల్ల చివర జిల్లా నుంచి వచ్చిన మేడమ్, ఒక పక్క హరికిషన్ గారు, ఇంకో పక్క లాప్‌టాప్ తెరుచుకుని దయాకర్. లచ్చమ్మను గోడ దగ్గర నిలబెట్టారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను ఒక కుర్చీ లాగి ఆమెకు వేశాను. ఏమైనా అంటారేమో అనండి అన్నట్టు అందరి వైపూ చూశాను కూడా.

దయాకర్ తడిగుడ్డ సంగతి చదివాడు. ఆయమ్మ వివరణ ఏమిటని మేడమ్ అడిగారు. నేను లేచాను. ఆమె వివరణ ఇవ్వక్కర్లేదు, ఇవ్వాల్సింది నేను అన్నాను. ఫోన్ తీసి దసరా ఫోటో బల్ల మీద పెట్టాను. బొట్టుతో వార్మరు, పక్కన నవ్వుతూ నేను. పసుపు ఎక్కడ పెట్టానో, తడి ఎలా దిగిందో, చిలుము పడితే వేడి ఎందుకు తప్పు చూపిస్తుందో, అన్నీ చెప్పాను. శుభ్రం చేసి ఆ దూది పారేశానని, మూడు నెలలు దాచానని కూడా చెప్పాను.

హరికిషన్ గారు తల పట్టుకున్నారు. దయాకర్ ముఖం వెలిగిపోయింది. "నేను ముందే చెప్పిన మేడమ్! టెక్నీషియనే గిట్ల చేస్తే, ఈమె నేర్పిన ఆయాలు ఏం చేస్తరు?" అన్నాడు. మేడమ్ కూడా అదే అడిగారు. "నువ్వే ఇంత తప్పు చేసినప్పుడు నీ క్లాసుకు విలువ ఏముందమ్మా?"

"నా తప్పును నా క్లాసే పట్టుకుంది మేడమ్" అన్నాను. "నేను పాడు చేశాను. యంత్రం అబద్ధం చెప్పింది. కంపెనీ ఇరవై నాలుగు రోజులు రాలేదు. ఆ పాప పాదం పట్టుకుని నిజం చెప్పింది ఈమె ఒక్కతే. ఇరవై నిమిషాల ట్రైనింగ్‌లో తడి తగలకూడదని ఒక్క ముక్క చెప్పారేమో వీళ్లను అడగండి. నా మీద ఏం రాసినా రాయండి. పాపను కాపాడింది లచ్చమ్మ అని కూడా అదే కాగితంలో రాయండి. రాయకపోతే నేను సంతకం పెట్టను."

అప్పుడు వెనక నుంచి కల్పలత లేచింది. ఆమెను ఎవరూ పిలవలేదు, డ్యూటీ మధ్యలో వచ్చింది. "పళ్లెం పట్టుకున్నది నేను మేడమ్. నా పేరు సుత రాయండి" అంది. లచ్చమ్మ మాత్రం నన్ను చూసి ఒకటే అంది. "ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే బిడ్డా? నాకైతే టీ పోస్తివి గద."

అక్కడే, అందరి ముందూ ఆమెను క్షమించమని అడిగాను. ఆమె పక్క కుర్చీ చూపించి, "సరే, కూసో" అంది. క్షమించిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నిన్న మాత్రం క్లాసుకు వచ్చింది.

నిర్ణయం శుక్రవారం వచ్చింది. లచ్చమ్మ మెమో రద్దు. ప్రమాదం గుర్తించి పాపను కాపాడినట్టు ఆమె పేరు రిపోర్టులో ఉంది, నేను నా కళ్లతో చదివాకే సంతకం పెట్టాను. నా కాంట్రాక్టు మార్చి ముప్పై ఒకటితో ఆఖరు. గది కంపెనీకి. నిన్న ఉదయం తాళం వేసేశారు. హరికిషన్ గారు నా టూల్స్ పెట్టె తానే మోసుకొచ్చి ఇచ్చారు. "నిన్ను ఒక లైన్ అడిగితే ఇంత రాసినవ్" అన్నారు. కోపంగా అన్నారో ఇంకెలా అన్నారో అర్థం కాలేదు.

గది పోయింది సిస్టర్, అబద్ధం చెప్పను, ఇంటికి వచ్చి కుమిలి కుమిలి ఏడ్చాను. మొహం కడుక్కుని మళ్లీ వెళ్లి, బుధవారం దాకా ఆగకుండా నిన్న మధ్యాహ్నమే ఓపీ వెనక మెట్ల మీద క్లాసు పెట్టాను. ముప్పై ఒక్కమంది వచ్చారు. ఇంతమంది ఎప్పుడూ రాలేదు. ఎక్స్‌రే వాళ్లు వచ్చారు, ల్యాబ్ వాళ్లు వచ్చారు. సెక్యూరిటీ వచ్చి ఇక్కడ కూర్చోకూడదంటే నిలబడ్డారు. మార్చి తర్వాత మా మేడ మీద పెడతాను, ఆదివారాలు. ఆపాలంటే మా ఇంటికి కూడా తాళం వెయ్యాలి.

మొదటి పాఠం నా తప్పు, మొత్తం చెప్పేశాను. రెండో పాఠం మీది. ఇరుక్కున్న ముల్లు సంగతి నా నోటితో చెబితే అది కథ అవుతుంది. మీరు వచ్చి చెప్పండి.

రజిత

*

నిడదవోలు
11 ఫిబ్రవరి

రజితా,

నీ ఉత్తరం అందిన రోజే టికెట్ తీయించాను. శనివారం పొద్దున సికింద్రాబాద్‌లో దిగుతాను. స్టేషన్‌కు రావద్దు. నేను నేరుగా నీ దగ్గరికి రావడం లేదు.

వీరరాఘవమ్మ కోసం నాలుగు రోజులు ఫోన్ల మీద ఫోన్లు చేశాను. అల్వాల్‌లో కొడుకు దగ్గర ఉంది. డెబ్బై ఆరేళ్లు. చూపు తగ్గిందట, జ్ఞాపకం తగ్గలేదట. నా పేరు చెబితే "ఆ సిస్టరమ్మ నాకోసం మాట్లాడింది, పాపం, వాళ్లు వినలేదు" అందని కోడలు చెప్పింది. ఇరవై ఆరేళ్లుగా నన్ను అలా తలుచుకుంటోంది.

ముందు ఆ ఇంటికి వెళ్లి, ఆవిడ ఎదురుగా కూర్చుని, నిజం చెబుతాను. తిట్టనీ, బయటకు పొమ్మననీ. ఆ తర్వాతే నీ క్లాసు. తొంభై ఎనిమిది విచారణలో నేను సంతకం పెట్టిన కాగితం తప్పని కొత్తగా ఇంకో కాగితం రాశాను, ముల్లు సంగతితో సహా. సోమవారం హరికిషన్ గారి టేబుల్ మీద నా చేత్తో పెడతాను. అందుకున్నట్టు ఆఫీసు ముద్ర వేసిచ్చేదాకా అక్కడి నుంచి కదలను.

కాంతమణి